తొట్టెల మీద పన్ను

ఏటా జూన్ నెలలో ఆఫీసు నుంచి ఫారం 16 వస్తుంది. చాలామందిలాగే నేనూ దాన్ని తెరిచి, ఆఖరి అంకె చూసి మూసేసేదాన్ని. 2023లో మాత్రం ఆ అంకె నేననుకున్నదానికంటే పెద్దగా ఉంది. పైకి వెళ్లి చూస్తే జీతం కింద కొత్త వరుస ఒకటి: పర్క్విజిట్స్, 60,000 రూపాయలు. నాకు కంపెనీ కారు లేదు, కంపెనీ ఇల్లు లేదు, షేర్లు లేవు. ఇదేంటని అకౌంట్స్ వాళ్లకు ఫోన్ చేస్తే ఆ అబ్బాయి చాలా మర్యాదగా చెప్పాడు. "మీ పాప డేకేర్ మేడమ్. నెలకు ఐదు వేలు కంపెనీ కడుతోంది కదా. అది మీకు బెనిఫిట్."

ఇరవై శాతం స్లాబులో దాని మీద పన్ను 12,000. ఆ పన్ను మీద నాలుగు శాతం హెల్త్ అండ్ ఎడ్యుకేషన్ సెస్, ఇంకో 480. రెండేళ్ల పిల్లను చూసుకునే చోటికి కట్టిన డబ్బు మీద, పిల్లల చదువుల పేరుతో సెస్సు. నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

అప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది. మోకాళ్లు చూపించుకోవడానికి సిరిసిల్ల నుంచి వచ్చింది. నేను ఫోన్ పెట్టేశాక అడిగింది.

"పన్ను పిల్ల మీదనా, జీతం మీదనా?"

"జీతం మీదనే అమ్మా."

"ఆ పైసలు నీ చేతికియ్యలే గద. పిల్లను సూసెటోళ్లకు ఇచ్చిండ్రు. నీ జీతమెట్ల అయితది?"

పన్ను చట్టాలు చదవడం నా పని కాదు. కానీ అమ్మ అడిగింది పర్క్విజిట్ అనే మాట చుట్టూ వకీళ్లు దశాబ్దాలుగా వాదించుకుంటున్న ప్రశ్న. చేతికి రాని డబ్బు ఎప్పుడు జీతమవుతుంది? దాన్ని వెతుక్కుంటూ పోతే నేను చివరికి మా ఇంటికే వచ్చి చేరాను. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల బీడీల చాటల దగ్గరికి, బొగ్గుబాయిల దగ్గరికి. (2016లో జిల్లాలు ముక్కలయ్యాక సిరిసిల్ల వేరు, పెద్దపల్లి వేరు, మంచిర్యాల వేరు. మా ఇంట్లో ఇంకా పాత పేర్లే నడుస్తాయి.)

సిరిసిల్లలో మా ఇల్లు అక్కడి వేల ఇళ్లలాంటిదే. బాపు సాంచాల మీద, అమ్మ బీడీల మీద. పొద్దున్నే తడిపిన తునికాకు, రేకు ముక్క కొలత పెట్టి కోసే కత్తెర, ఒళ్లో చాట, చాటలో ఓ పక్క తంబాకు. రోజుకు వెయ్యి బీడీలు చేస్తే చేసినట్టు. అంటే ఇరవై ఐదు బీడీల కట్టలు నలభై. నన్ను తొట్టెలలో వేసి, తొట్టెల తాడు కాలి బొటనవేలికి కట్టుకుని, చేతులు బీడీల మీద, కాలు నా మీద పెట్టుకుని పనిచేసిందట. మా వాడకట్టులో ఏ ఆడమనిషినడిగినా ఇదే చెప్తుంది. ఇది నేను ముచ్చటగా చెప్పుకునే జ్ఞాపకం కాదు, నాకసలు గుర్తే లేదు. గుర్తున్నదల్లా ఇంట్లో ఎప్పుడూ ఉండే తంబాకు ఘాటు. అది తొట్టెల దాకా వచ్చే ఉంటుంది.

విచిత్రం ఏంటంటే, ఆ తొట్టెల గురించి అప్పటికే చట్టం ఉంది. 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల చట్టం చేసింది. అందులో 14వ సెక్షన్ క్రెష్ గురించే. యాభై మందికి మించి ఆడవాళ్లు పనిచేసే బీడీ కార్ఖానాలో, ఆరేళ్లలోపు వాళ్ల పిల్లల కోసం గాలీ వెలుతురూ వచ్చే గది ఉండాలి, పిల్లల్ని చూసుకోవడం తెలిసిన మనిషి ఉండాలి. దానికి పద్దెనిమిదేళ్ల ముందే, 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్ ఇదే మాట చెప్పింది. అంతకుముందు 1929-31 నాటి రాయల్ కమిషన్ ఆన్ లేబర్ కూడా మిల్లుల్లో క్రెష్‌లు ఉండాలంది. తల్లులు పనిలో ఉన్నంతసేపు పసిపిల్లలు కదలకుండా పడుకోవాలని నల్లమందు పెట్టే అలవాటు అప్పట్లో మిల్లు ఊళ్లలో ఉండేది. క్రెష్ అనే ఆలోచన మన దేశంలోకి జాలితోనో ఆధునికతతోనో రాలేదు, ఆ నల్లమందుకు జవాబుగా వచ్చింది.

మరి మా అమ్మకు గది ఎందుకు లేదు? చట్టంలో 'కార్ఖానా' అన్న మాట ఉంది కాబట్టి. అమ్మ కార్ఖానాకు పోయేది ఆకు, తంబాకు తెచ్చుకోవడానికి, సాయంత్రం బీడీలు అప్పజెప్పడానికి. చేసేది ఇంట్లో. 1966 చట్టం ఇంట్లో బీడీలు చుట్టే మనిషిని కూడా కార్మికురాలిగానే ఒప్పుకుంది. అది చిన్న విషయం కాదు, బీడీ కంపెనీలు దాని మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, 1974లో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. కానీ గది మాత్రం కార్ఖానా గోడల మధ్యే ఆగిపోయింది. గోడలుంటే గది కట్టాలి, సెలవులివ్వాలి, హాజరు పట్టీ పెట్టాలి. గోడలు తీసేస్తే ఇవేవీ అక్కర్లేదు. పని ఇళ్లకు చేరింది. కేరళలోని కణ్ణూరులోనైతే ఈ చట్టం అమలవుతుందనగానే పెద్ద కంపెనీ తాళం వేసి వెళ్లిపోయింది. రోడ్డున పడ్డ కార్మికులతో 1969లో దినేశ్ బీడీ సహకార సంఘం పుట్టింది. మన దగ్గర తాళాలు పడలేదు. చాట ఇంటికొచ్చింది, దానితో పాటు క్రెష్ ఖర్చు అమ్మ బొటనవేలి మీదికొచ్చింది.

ఇలా తలలు లెక్కపెట్టే చట్టాలకు ఒక జబ్బుంటుంది. 1976లో ఫ్యాక్టరీల చట్టంలో యాభై మంది ఆడవాళ్లన్నదాన్ని ముప్పైకి తగ్గించారు. ఎక్కువమందికి అందాలనే. కానీ ముప్పై అన్న అంకె రాగానే ఇరవై తొమ్మిది అన్న అంకెకు కూడా విలువ వచ్చింది. ఆడమనిషిని పనిలో పెట్టుకోవడమే అదనపు ఖర్చన్నట్టు యజమానికి చట్టమే చెప్పినట్టయింది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు ఈ తప్పు కొంత దిద్దుకున్నారు. యాభై మంది ఉద్యోగులుంటే చాలు, మగవాళ్లయినా ఆడవాళ్లయినా, క్రెష్ ఉండాలి. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. నా ఆఫీసు డేకేర్‌కు డబ్బు కట్టడం మొదలుపెట్టింది ఈ సవరణ వల్లే. మా హెచ్ఆర్ వాళ్ల పోస్టర్‌లో మాత్రం అది కంపెనీ ప్రేమగా ఇచ్చిన కానుక.

ఇక్కడే నాకు పన్ను లెక్క అడ్డం తిరిగింది. చట్టం ఇమ్మని చెప్పినదాన్ని ఇస్తే, అది నాకు అందిన లాభం ఎట్లా అవుతుంది?

ఇదే ప్రశ్నకు ఇంకో రూపం గోదావరిఖనిలో ఉంది. మా పెద్దబాపు అక్కడ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర పాత జీతం చీటీలు ఇంకా ఉన్నాయి, రబ్బరు బ్యాండు వేసి, బీరువాలో. ఆదాయపు పన్ను చట్టానికి 1962లో రాసిన రూల్స్‌లో భూగర్భ గనుల్లో దిగేవాళ్లకిచ్చే అలవెన్సుకు ప్రత్యేకంగా మినహాయింపు ఉండేది: నెలకు 800 రూపాయలు. పక్కనే పిల్లల చదువు అలవెన్సుకు కూడా ఉండేది: పిల్లకు నెలకు 100 రూపాయలు, ఇద్దరు పిల్లల దాకా. హాస్టల్లో ఉంటే 300. ఆ వంద రూపాయలు పాతికేళ్లకు పైగా వంద దగ్గరే ఉండిపోయాయి. యజమాని నడిపే బళ్లో ఉచితంగా చదివితే, పిల్లకు నెలకు 1000 రూపాయల విలువ దాటనంతవరకు పన్ను ఉండేది కాదు. ఆఫీసులో పెట్టే భోజనానికి పూటకు 50 రూపాయల దాకా ఉండేది కాదు. పండక్కిచ్చే కానుకకు ఏడాదికి 5000 దాకా ఉండేది కాదు. చాయ్, బిస్కట్లకు అసలే లేదు.

బడి ఉంది, హాస్టల్ ఉంది, చాయ్ ఉంది. క్రెష్ అన్న మాట లేదు. పేరు పెట్టి చెప్పనివన్నీ వెళ్లి పడే సంచి ఒకటి రూల్ 3 చివర్లో ఉండేది: యజమాని ఇచ్చిన మరే సదుపాయమైనా, దానికి ఆయనకైన ఖర్చే విలువ. నా 60,000 ఆ సంచిలో పడ్డాయి. ఆఫీసు ఆవరణలో అందరికీ కలిపి ఒక గది నడిపితే ఎవరి వాటా ఎంతో తేలదు గనుక మామూలుగా ఎవరూ దాన్ని జీతంలో కలపరు. పేరు పేరునా బిల్లు వస్తే మాత్రం కలుపుతారు. అంటే సొంతంగా గది కట్టగల పెద్ద క్యాంపస్‌లో ఉద్యోగికి లేని పన్ను, చిన్న కంపెనీ ఉద్యోగికి పడుతుంది.

ఐదారేళ్ల పిల్ల పన్ను చట్టానికి కనిపిస్తుంది, రెండేళ్ల పిల్ల కనిపించదు. దీనికి కారణం దురుద్దేశం అని నేననుకోను. ఈ రూల్స్ రాసినవాళ్ల ఊహలో ఉద్యోగి అంటే మా పెద్దబాపు. షిఫ్టుకు పోయే మగమనిషి, ఇంట్లో పెద్దమ్మ. బడి ఈడు వచ్చేదాకా పిల్లల ఖర్చు పెద్దమ్మే, ఆమెకు బిల్లు రాదు. గనుల చట్టం కూడా ఆ ఊహను గట్టిపరిచింది. 1952 చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్లను భూగర్భంలో పనికి దిగనివ్వలేదు. బాయి మీద పనిచేసే ఆడవాళ్ల పిల్లల కోసం 1966లో మైన్స్ క్రెష్ రూల్స్ వచ్చాయి. అయితే గనుల్లో క్రమంగా ఆడవాళ్లే తగ్గిపోయారు. కోలిండియాలో ఆడవాళ్లు తమంతట తాము తప్పుకుంటే ఇంట్లో మగపిల్లవాడికి ఉద్యోగమిచ్చే స్కీములు కూడా నడిచాయి. తల్లి పోతే క్రెష్ అవసరమూ పోతుంది కదా. 2019లో కేంద్రం భూగర్భ గనుల్లో పగటి వేళ ఆడవాళ్లు పనిచేయవచ్చని అనుమతి ఇచ్చింది. దాంతో పాత ప్రశ్న మళ్లీ తలుపు తట్టింది.

బొగ్గుబాయి ఊళ్లలో పన్ను రాజకీయమే. నైజాం పోయి, 1950లో హైదరాబాద్ రాష్ట్రానికి కూడా భారత ఆదాయపు పన్ను చట్టం వర్తించాక, ఇక్కడ నెల జీతం ఉండే పెద్ద గుంపుల్లో సింగరేణి ఒకటి. కార్మికులకు ఆదాయపు పన్ను ఎత్తెయ్యాలనీ, కనీసం కంపెనీ ఇచ్చే క్వార్టర్, కరెంటు లాంటి వాటి మీద పడే పన్నును కంపెనీయే భరించాలనీ సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. రెండోదానికి చట్టంలో దారి కూడా ఉంది: నగదు రూపంలో లేని సదుపాయం మీద పన్నును యజమాని కడితే, ఆ కట్టిన పన్నును మళ్లీ ఉద్యోగి ఆదాయంగా చూడరు. పెద్దబాపును అడిగాను, మీ డిమాండ్లలో క్రెష్ ఎప్పుడైనా ఉండేదా అని. ఆయన కాసేపు ఆలోచించి, "గేటు మీటింగుల ఆడోళ్లు ఉంటె గద, ఆ ముచ్చట అచ్చేది" అన్నాడు.

క్రెష్ అన్న మాట మన పన్ను చట్టంలోకి ఒకసారి వచ్చింది. ఆ కథ నాకు అన్నింటికంటే ఇష్టం. 2005లో చిదంబరం ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్స్ తెచ్చారు. ఉద్యోగులకిచ్చే సదుపాయాల మీద పన్ను ఉద్యోగి కాకుండా యజమాని కట్టాలి. ఉద్యోగుల సంక్షేమం మీద పెట్టిన ఖర్చులో ఇరవై శాతాన్ని లాభంగా లెక్కగట్టి, దాని మీద ముప్పై శాతం. వంద రూపాయలకు ఆరు రూపాయలన్నమాట. అయితే చట్టం ప్రకారం తప్పనిసరిగా చేయాల్సిన ఖర్చుకు ఆ పన్ను లేదు. కాబట్టి ఫ్యాక్టరీల చట్టమో గనుల చట్టమో మెడ మీద కూర్చుంటే కట్టిన క్రెష్‌కు పన్ను లేదు, ఎవరూ అడగకుండా ఇష్టంతో నడిపిన క్రెష్‌కు పన్ను పడింది. ఇది వింతగా ఉందని వాళ్లకే తోచినట్టుంది. 2008 బడ్జెట్‌లో క్రెష్ ఖర్చును పేరు పెట్టి మినహాయించారు. ఆ జాబితాలో దానికి తోడు ఉద్యోగుల ఆటల పోటీలు, గెస్ట్ హౌస్‌లు. అది అమల్లోకి వచ్చింది 2008-09 ఆర్థిక సంవత్సరానికి. 2009 జులైలో ప్రణబ్ ముఖర్జీ ఫ్రింజ్ బెనిఫిట్ ట్యాక్స్‌నే రద్దు చేశారు, పన్ను బరువు తిరిగి ఉద్యోగి మీదికి వచ్చింది. వెనక్కి వచ్చేటప్పుడు చాయ్ వచ్చింది, పండగ కానుక వచ్చింది, క్రెష్ రాలేదు. ఆ మినహాయింపు ఆయుష్షు సరిగ్గా ఒక్క ఏడాది.

ఇతర దేశాలు ఈ తగువును ఇంత గప్‌చుప్‌గా దాటలేదు. అమెరికాలో 1939లో స్మిత్ దంపతులు, ఇద్దరూ పనిచేస్తున్నాం కాబట్టి పిల్లను చూసే ఆయాకిచ్చే డబ్బు మా సంపాదనకైన ఖర్చేనని వాదించారు. పన్ను బోర్డు కుదరదంది, పిల్లను చూసుకోవడం సొంత విషయమంది. 1981కి వచ్చేసరికి అదే దేశం యజమాని ఇచ్చే శిశు సంరక్షణ సాయానికి చట్టంలో మినహాయింపు రాసింది. ఇవాళ డాలస్‌లో ఉన్న మా చిన్నమ్మ కొడుకు 'డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ' అని నోరు తిరగకుండా చెప్పి, ఏటా కొంత డబ్బు మీద పన్ను లేకుండా చూసుకునేది ఆ సెక్షన్ వల్లే. బ్రిటన్‌లో 1980ల మధ్యలో ఆఫీసు నర్సరీలను ఉద్యోగి లాభంగా లెక్కగట్టడం మొదలెట్టారు. తల్లులు గొడవ చేశారు. 1990 బడ్జెట్‌లో జాన్ మేజర్ ఆ పన్ను తీసేశారు.

మన దగ్గర గొడవ ఎందుకు లేదంటే, నాలాగా పన్ను పడే తల్లులు కొద్దిమందే. అమ్మలాంటి వాళ్లకు ఆదాయపు పన్నే లేదు. మినహాయింపు అనేది పన్ను కట్టేవాడికే పనికొచ్చే సాయం. రేపు క్రెష్‌కు మినహాయింపు వస్తే నాకు 12,480 మిగులుతాయి, సిరిసిల్లలో చాట ముందు కూర్చున్న ఆమెకు ఒక్క రూపాయి రాదు. అయినా ఆ మినహాయింపు రావాలనే నేనంటాను. గనిలోకి దిగేవాడికి కంపెనీ ఇచ్చే క్యాప్ ల్యాంపును ఎవరూ లాభం అనరు, అది లేకపోతే పని జరగదు. నా పిల్ల ఉండే చోటు లేకపోతే నా పనీ జరగదు. కాకపోతే ఇది నా వర్గం కోరిక అని ఒప్పుకునే అడుగుతున్నాను.

అమ్మ వర్గం వైపు నుంచి చూస్తే, పిల్లల కోసం పనికొచ్చిన పన్ను ఒకటి నిజంగానే ఉండేది, అది మినహాయింపు కాదు, వసూలు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం, దానితో పాటు సెస్ చట్టం వచ్చాయి. వెయ్యి బీడీలకు ఇంత అని తయారీదారు దగ్గర వసూలు చేసి, ఆ డబ్బుతో దవాఖానాలు, ఇళ్లకు సాయం, బీడీ కార్మికుల పిల్లలకు స్కాలర్‌షిప్పులు. ఇంట్లో చుట్టిందా, కార్ఖానాలో చుట్టిందా, అక్కడ ముప్పై మంది ఉన్నారా, ఇరవై తొమ్మిది మందా అన్న పేచీ సెస్సుకు లేదు. బీడీ ఉంటే చాలు. తలల లెక్క తప్పించుకోవచ్చు గానీ బీడీల లెక్క తప్పించుకోవడం అంత సులువు కాదు. క్రెష్ ఇవ్వలేదు నిజమే, కానీ యజమాని జేబు నుంచి ఆమె ఇంటిదాకా ఒక కాలువ తవ్వింది. తొమ్మిదో తరగతిలో నాకొచ్చిన స్కాలర్‌షిప్పు ఆ కాలువలోదే. ఆ డబ్బుతో కొన్న సైకిల్ ఇంకా మా ఇంటి వెనక రేకుల కింద ఉంది.

2017లో జీఎస్టీ కోసం చాలా సెస్సులు ఎత్తేసినప్పుడు బీడీ సెస్సూ పోయింది. బీడీల మీద జీఎస్టీ 28 శాతం పడింది, కానీ అది ఎవరి పేరూ లేని డబ్బు, ఖజానాకు పోతుంది. సంక్షేమ పథకాలు ఇక బడ్జెట్‌లో ఎంత రాస్తే అంత. అంతకు రెండేళ్ల ముందే తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు పెన్షన్ మొదలుపెట్టింది; నెలకు 1000, తర్వాత 2016 రూపాయలు. అమ్మకు అది వస్తోంది. కాదనలేని సాయం. కానీ అది సర్కారు ఇస్తోంది, బీడీ అమ్ముకున్నవాడు కాదు.

ఆ జులై ఆఖర్లో రిటర్న్ నింపుతూ కూర్చున్నాను. అమ్మ పక్కన మంచం మీద మోకాళ్లకు నూనె రాసుకుంటోంది.

"నింపినవా?"

"నింపిన."

"పిల్ల పేరు ఏడ రాసిన్రు?"

"పేరు ఉండదమ్మా. పైసలే ఉంటయ్."

అమ్మ స్క్రీన్ వంక చూసి, కళ్లద్దాలు లేక ఏమీ కనిపించక, మళ్లీ మోకాలి మీదికి వంగింది. టైము ఆరు దాటింది. డేకేర్ ఆరున్నరకు మూస్తారు, ఆలస్యమైతే పావుగంటకింత అని విడిగా తీసుకుంటారు. చెప్పులేసుకుని బయల్దేరాను.